కుజుడి మీది బండీ, మన రికార్డు పుస్తకమూ



కిందటి సంవత్సరం మా తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు లేచి నిలబడి ఇలా అడిగాడు: "మాస్టారూ, కుజగ్రహం మీద తిరిగే ఆ బండిని అమెరికాలో కూర్చుని ఎట్లా తోలుతారండీ? మా తమ్ముడి రిమోట్ కారు లాగానేనా?" తరగతిలో సగంమంది అవునన్నారు. మిగతా సగంమంది, అది మరమనిషి కాబట్టి దానంతట అదే తిరుగుతుందన్నారు. రెండు జవాబులూ సరి కావు. సరియైన జవాబు చెప్పడానికి నాకు ఒక పీరియడు చాలలేదు. చెప్పడం పూర్తయ్యేసరికి, కుజుడి సంగతి కాస్తా మన పాఠశాలల ప్రయోగశాల సంగతిగా మారింది. ఆ సంగతే మీకూ చెబుదామని ఇది రాస్తున్నాను.

ముందు రిమోట్ కారు సంగతి చూద్దాం. మీరు మీట నొక్కగానే కారు కదులుతుంది. గోడ దగ్గరికి వెళ్ళడం కంటితో చూసి ఆపేస్తారు. మీరు చూడడానికీ, అది ఆగడానికీ మధ్య దాదాపు వ్యవధి ఉండదు. కుజుడి విషయంలో అట్లా కుదరదు. రేడియో తరంగాలు వెలుతురంత వేగంతో, అంటే సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో పోతాయి. మనకూ కుజుడికీ మధ్య దూరం ఎప్పుడూ ఒకటే కాదు. బాగా దగ్గరైనప్పుడు సుమారు 5.5 కోట్ల కిలోమీటర్లు, బాగా దూరమైనప్పుడు సుమారు 40 కోట్ల కిలోమీటర్లు. మీరే భాగించి చూడండి. మాట ఒకవైపు చేరడానికి దగ్గరలో 3 నిమిషాలు, దూరంలో 22 నిమిషాలు పడుతుంది.

బండికి ఎదురుగా ఒక గుంట వచ్చిందనుకోండి. ఆ బొమ్మ మనకు చేరడానికి 22 నిమిషాలు. మనం వెంటనే "ఆగు" అన్నా, ఆ మాట దానికి చేరడానికి మరో 22 నిమిషాలు. మొత్తం 44 నిమిషాలు. క్యూరియాసిటీ రోవర్ గట్టి నేలమీద అత్యధికంగా పోగలిగే వేగం సెకనుకు 4 సెంటీమీటర్లు. చీమ నడకేనని మీరు నవ్వుతారు. కాని 44 నిమిషాల్లో ఆ నడకే 105 మీటర్లవుతుంది! గుంట ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, లేదా బండి ఎప్పుడో అందులో పడి ఉంటుంది.

చంద్రుడి మీద ఈ ఇబ్బంది తక్కువ. అక్కడికి మాట సెకనుంపావులో చేరుతుంది. 2023 ఆగస్టులో, అంతకుముందే మన శ్రీహరికోటనుంచి వెళ్ళిన చంద్రయాన్-3 లోని ప్రజ్ఞాన్ రోవర్‌కు దారిలో 4 మీటర్ల వెడల్పు గుంట ఎదురైంది. దాన్ని 3 మీటర్ల దూరంలోనే గుర్తించి, వచ్చిన దారినే వెనక్కి పొమ్మని ఆజ్ఞ పంపారు, అది మళ్ళింది. కుజుడి మీద బండిని చిన్న చిన్న అడుగులతో అలా నడిపిస్తే తెల్లవార్లూ కూర్చున్నా పది గజాలు సాగదు.

మరి ఏం చేస్తారు? ఒక పూర్తి రోజు పనిని ముందే రాసి పంపుతారు. దాన్నే కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే పత్రికల్లో ఈ భాగం ఎవరూ రాయరు. రోవర్ దిగిన రోజున అందరూ చప్పట్లు కొట్టే బొమ్మ వేస్తారు. మర్నాటినుంచి మరచిపోతారు. అసలు పని మర్నాడు మొదలవుతుంది.

కుజుడి మీద ఒక పగలూ ఒక రాత్రీ కలిసి 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. దీన్ని 'సోల్' అంటారు. 2012 ఆగస్టులో గేల్ అనే పెద్ద బిలంలో దిగిన క్యూరియాసిటీ ఒక సోల్‌ను ఎట్లా గడుపుతుందో చూడండి. అక్కడి రాత్రి చలి సున్నాకు దిగువన 80, 90 డిగ్రీల దాకా పోతుంది. బండి నిద్రలో ఉంటుంది. నిద్ర అని ఊరికే అనడం లేదు. ప్లుటోనియం వేడినుంచి కరెంటు తయారుచేసే దాని యంత్రం దిగిన కొత్తలో ఇచ్చినది సుమారు 110 వాట్లు. మన ఇళ్ళల్లో పూర్వం వేలాడే 100 వాట్ల బల్బుకు సరిపోయేంత! దానితో చక్రాలు తిప్పడం, చేతిని చాచడం, రాతిని తొలవడం, వేడి చేసి పరీక్షించడం ఒకేసారి సాగవు. కాబట్టి చాలా గంటలు ఊరుకుని బ్యాటరీ నింపుకుంటుంది. మోటార్లను కదిపేముందు చలికి గట్టిపడిన కందెన మెత్తబడేలా వాటిని వేడి చేయాలి. ఆ వేడికీ కరెంటే కావాలి.

కుజుడి మీద తెల్లవారాక భూమినుంచి ఆ రోజు ఆజ్ఞలు చేరతాయి. అమెరికాలోని గోల్డ్‌స్టోన్, స్పెయిన్‌లో మాడ్రిడ్, ఆస్ట్రేలియాలో కాన్‌బెరా దగ్గర పెద్ద పెద్ద పళ్ళేల వంటి యాంటెన్నాలున్నాయి. భూమి ఎటు తిరిగినా మూడింటిలో ఒకటైనా కుజుడి వైపు చూస్తుంటుందని అట్లా మూడు చోట్ల కట్టారు. బండి ఆజ్ఞలు అందుకుని ఒక్కొక్కటే చేసుకుపోతుంది: ఈ రాతిని బొమ్మ తియ్యి, ఆ రాతిమీద లేజర్ కొట్టి లేచిన వెలుగును పరీక్షించు, తరువాత ఇన్ని మీటర్లు నడువు, ఆగి నాలుగు వైపులా బొమ్మలు తియ్యి. మధ్యాహ్నం తరువాత కుజుడి చుట్టూ తిరిగే కృత్రిమ ఉపగ్రహం నెత్తిమీదికి వస్తుంది. ఆ కొద్ది నిమిషాల్లోనే తన సమాచారాన్ని దానికి అప్పగిస్తుంది. అది భూమికి చేరవేస్తుంది. మళ్ళీ నిద్ర.

బండి నిద్రపోయే వేళకు ఇక్కడ మనుషులకు పని మొదలవుతుంది. కాలిఫోర్నియాలోని పసడీనాలో జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఉంది. అక్కడివారు, ఇతర చోట్లనుంచి పాల్గొనే శాస్త్రజ్ఞులు వచ్చిన బొమ్మలన్నీ చూస్తారు. వాళ్ళు వేసుకునే మొదటి ప్రశ్న "ఏం కనిపెట్టాం?" అని కాదు. "నిన్న చెప్పిన పనిలో ఏది జరిగింది, ఏది జరగలేదు, బండి ఇప్పుడు ఎక్కడ ఎట్లా నిలబడి ఉంది?" అని. ఒక చక్రం రాతిమీదికెక్కి బండి ఒరిగి ఉంటే ఆ రోజు చేతిని చాచరు. రాళ్ళ శాస్త్రజ్ఞుడు ఎంత బ్రతిమాలినా ఇంజనీరు ఒప్పుకోడు. ఒప్పుకోకూడదు కూడా. పని నిర్ణయమయ్యాక ప్రతి ఆజ్ఞనూ రాసి, కంప్యూటర్‌లో నడిపించి చూసి, పలువురు చదివి సరిచూసి అప్పుడు పంపుతారు. కూడికలో పొరపాటు వస్తే మనకు ఒక మార్కు పోతుంది. అక్కడ దిద్దడానికి ఎవరూ వెళ్ళలేరు.

ఇందులో ఒక తమాషా ఉంది. కుజుడి రోజు మన రోజుకన్న 40 నిమిషాలు ఎక్కువ గదా. బండితోపాటు పని చెయ్యాలంటే మనుషులు కూడా రోజూ 40 నిమిషాలు ఆలస్యంగా పనికి రావాలి. ఈ రోజు బడి 9 గంటలకు, రేపు 9-40కి, ఎల్లుండి 10-20కి పెట్టారనుకోండి. పద్దెనిమిదో రోజున రాత్రి భోజనాలయ్యాక బడి! క్యూరియాసిటీ దిగాక మొదటి 90 సోల్స్ ఆ బృందం అట్లాగే బ్రతికింది. కిటికీలకు నల్లటి తెరలు కట్టుకుని పగలు నిద్రపోయారు. అంతకుముందు 2004లో స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లు దిగినప్పుడు, కుజుడి కాలానికి సరిపోయేటట్లు నెమ్మదిగా నడిచే చేతి గడియారాలను ఒక గడియారాల పనివాడు చేసి ఇచ్చాడు. ఎవరికైనా ఎంతకాలం సాగుతుంది ఆ బ్రతుకు? తరువాత మామూలు పగటివేళల పనికి మారారు.

అట్లా మారినప్పుడు ఒక చిక్కు వచ్చింది. నా మాటంతా దీని చుట్టూనే ఉంది కాబట్టి శ్రద్ధగా చదవండి. కొన్ని రోజుల్లో బండి నడక ముగించి బొమ్మలు పంపేసరికి ఇక్కడ పనివేళ దాటిపోతుంది. నిన్నటి ఫలితం చేతికి రాకుండానే మర్నాటి పని రాయాల్సి వస్తుంది. అప్పుడు ఏం చేస్తారు? "పది మీటర్లు నడవమన్నాం, నడిచే ఉంటుంది, అక్కడినుంచి మరో పది" అని రాయవచ్చు గదా? రాయరు. ఎక్కడ ఆగిందో బొమ్మల్లో చూసేదాకా మళ్ళీ నడక చెప్పరు. చుట్టూ కనిపించేవాటిని బొమ్మలు తీయడం, గాలినీ ధూళినీ గమనించడం వంటి, చోటుతో నిమిత్తం లేని పనులు ఇస్తారు. జరగాల్సినదాన్ని జరిగినట్లు రాసుకోకపోవడం అక్కడ నిత్యం పాటించే పద్ధతి.

దీని విలువ ఆపర్చునిటీ బండి విషయంలో తెలిసింది. 2005 ఏప్రిల్‌లో అది ఒక మెత్తటి ఇసుక మేటలో దిగబడింది. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. చక్రాల చుట్లను లెక్కపెడితే బండి ముందుకు సాగిపోయినట్టే. నిజానికి ఉన్నచోటే ఉంది. పసడీనాలో ఇసుక, బంకమన్ను కలిపి అటువంటి నేలను తయారు చేసి, మరో బండిని అందులో దింపి బయటికి ఎట్లా తీయాలో వారాల తరబడి పరీక్షించారు. తరువాత కొంచెం కొంచెంగా చక్రాలు తిప్పించారు. జారకుండా ఉంటే 192 మీటర్లు సాగేటన్ని చుట్లు తిరిగితే బండి నిజంగా కదిలింది సుమారు ఒక మీటరు. జూన్‌లో బయటపడింది. ఊరి బురదలో ఎడ్లబండి దిగబడితే నలుగురూ చక్రాల దగ్గర భుజం పెడతారు. అక్కడ భుజం పెట్టేవాడు లేడు. ఓపికే భుజం.

చక్రాల మాట ఎంతవరకు నమ్మాలి అన్నది క్యూరియాసిటీ చేసినవారికి ముందునుంచే తెలుసు. దాని చక్రాల మీద చిన్న చిన్న కంతలు పెట్టారు. నడిచినప్పుడు ధూళిలో చుక్కలూ గీతలూ పడతాయి. అవి టెలిగ్రాఫ్ వాళ్ళు వాడే మోర్స్ లిపిలో ఆ సంస్థ పేరులోని మూడు అక్షరాలు. అందులో వేడుక కొంత ఉన్నా, ఉపయోగం కూడా ఉంది. గుర్తుకూ గుర్తుకూ మధ్య దూరాన్ని బొమ్మలో కొలిస్తే, చక్రం ఒక చుట్టుకు నిజంగా ఎంత సాగిందో తెలిసిపోతుంది. తన లెక్కను తానే తనిఖీ చేసుకునే ఏర్పాటు అది.

కొత్త బండ్లు కొంత సొంతంగా దారి చూసుకుంటాయి. 2021 ఫిబ్రవరి 18న జెజెరో బిలంలో దిగిన పర్సివరెన్స్ చక్రాలు తిరుగుతుండగానే ఎదుటి రాళ్ళను చూసి తప్పుకోగలదు. ఐనా ఎక్కడికి పోవాలి, ఏ రాతిని తాకాలి అన్న ఆలోచన మనుషులదే.

ఆ పర్సివరెన్స్‌కు 2021 ఆగస్టు 6న జరిగినదాన్ని వింటే మీకు నా ఉద్దేశం అర్థమవుతుంది. అది కుజుడి మీద రాతి ముక్కలను చిన్న గొట్టాల్లో భద్రపరచడానికి వెళ్ళిన బండి. అటువంటి గొట్టాలు 43 తీసుకుపోయింది. మొదటి రాయిని ఎంచుకున్నారు. బోలుగా ఉండే డ్రిల్లుతో 7 సెంటీమీటర్ల లోతు తొలవమన్నారు. తొలిచింది. గొట్టాన్ని లోపలికి తీసుకుంది. మూత బిగించింది. చెప్పిన పనుల్లో ఒక్కటీ తప్పలేదు. కాని గొట్టంలో ఎంత రాయి పడిందో కొలిచే కడ్డీకి ఏమీ తగల్లేదు. బొమ్మ తీసి చూస్తే గొట్టం ఖాళీ!

అన్ని పనులూ సక్రమంగా జరిగి ఫలితం రాకపోవడం! ప్రపంచమంతా చూస్తున్న మొదటి ప్రయత్నం. ఎన్నో ఏళ్ళ శ్రమ, లెక్కలేనంత డబ్బు. ఆ రోజే ప్రకటించారు: గొట్టం ఖాళీగా ఉంది, ఎందుకో చూస్తున్నాం అని. కొద్ది రోజులు బొమ్మలన్నీ పరిశీలించి కారణం చెప్పారు. ఆ రాయి అనుకున్నంత గట్టిది కాదు. డ్రిల్లు దెబ్బకు పొడిపొడి అయిపోయి కంతలోనూ, దాని చుట్టూనూ ఉండిపోయింది. యంత్రం తప్పు కాదు, రాయి స్వభావం అది. అంటే ఆ రాయి గురించి ఒక కొత్త సంగతి తెలిసిందన్నమాట.

తరువాత రెండు పనులు చేశారు. మరో చోట గట్టిగా కనబడిన రాయిని ఎంచి, ముందు దాని పైభాగాన్ని గీకి చూశారు. తొలిచిన తరువాత వెంటనే మూత బిగించకుండా, ఆపి, బొమ్మ తీసి భూమికి పంపే మెట్టును కొత్తగా చేర్చారు. సెప్టెంబరు 1న తొలిచారు. మొదటి బొమ్మలో రాయి కనబడింది. గొట్టాన్ని కాస్త అదిలించాక తీసిన బొమ్మలో నీడవల్ల స్పష్టంగా లేదు. "ఉండే ఉంటుంది లే" అనలేదు. ఎండ సరిగా పడే వేళ చూసి మళ్ళీ బొమ్మలు తీయించారు. ఉన్నదని తేలాకనే మూత బిగించారు. పెన్సిలు కన్న కాస్త లావుగా ఉండే ముక్క అది. ఇక మొదటి గొట్టం? పారెయ్యలేదు. మూత బిగించేటప్పుడు అందులో ఉన్నది కుజుడి గాలి. కుజుడి గాలి నమూనాగా దాన్ని లెక్కలో రాసుకున్నారు.

ఇక నా సంగతి చెబుతాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఒక పాఠశాలలో పదో తరగతి వాళ్ళచేత కుంభాకార కటకం నాభ్యంతరం కనుక్కునే ప్రయోగం చేయించాను. మీలో పదో తరగతి వాళ్ళకు తెలుసు: కొవ్వొత్తి, కటకం, తెర, స్కేలు. వస్తుదూరం, ప్రతిబింబ దూరం కొలిచి సూత్రంలో పెట్టాలి. పెట్టెమీద 20 సెం.మీ. అని రాసి ఉంది. అందరికీ 20, 19.8, 20.1 వచ్చాయి. ఒక్క పిల్లవాడికి 15 వచ్చింది. నాలుగు కొలతలకూ నాలుగుసార్లు 15 దగ్గరే వచ్చింది. "ఎక్కడో తప్పు కొలిచావు, సరిచెయ్యి" అన్నాను. వాడు మళ్ళీ కొలిచాడు. మళ్ళీ 15. నాకు వేరే తరగతికి టైమైపోతోంది. ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కవాడి పుస్తకం చూసి రాసుకోమన్నాను. వాడు మారు మాట్లాడకుండా రాసుకున్నాడు. రికార్డుకు పూర్తి మార్కులు వేశాను.

రెండేళ్ళ తరువాత స్టాకు రిజిస్టరు సరిచూస్తూ, ఆ పెట్టెలోని కటకాలు ఒక్కొక్కటే ఎండలో పట్టుకున్నాను. కాగితం మీద సూర్యుడి చుక్క అన్నిచిన్నగా ఎక్కడ పడుతుందో చూస్తే నాభ్యంతరం ఉజ్జాయింపుగా తెలుస్తుంది గదా. ఒక కటకానికి ఆ చుక్క 15 సెంటీమీటర్ల దగ్గర పడింది. ఎప్పుడో ఏదో పెట్టెలోది ఇందులో కలిసిపోయింది. ఆ పిల్లవాడు సరిగ్గా కొలిచాడు. తరగతిలో నిజంగా ప్రయోగం చేసినవాడు వాడొక్కడేనేమోనని కూడా నాకు అనుమానం. ఎందుకంటే మిగతావాళ్ళలో కొందరు కొలవకముందే ఇరవై రాసుకున్నారని తరువాత తెలిసింది. అప్పటికి వాడు బడి విడిచి వెళ్ళిపోయాడు. ఆ మాట వాడికి చెప్పుకునే వీలు నాకు కలగలేదు.

పసడీనాలో ఆ రోజు నావంటి మాస్టారు ఉండి ఉంటే ఏమనేవాడో ఊహించండి. "గొట్టంలో రాయి రావాలి. పుస్తకంలో అట్లానే ఉంది. వచ్చిందని రాయండి" అనేవాడు. మర్నాటి ప్రణాళిక ఆ అబద్ధం మీద నిలబడేది. అదే రకం మెత్తటి రాళ్ళను మరో పదింటిని తొలిచి, పది ఖాళీ గొట్టాలకు మూతలు బిగించేవాళ్ళు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. మన రికార్డు పుస్తకంలో ఉద్దేశం, పరికరాలు, పద్ధతి, పట్టిక, నిర్ధారణ అని శీర్షికలున్నాయి. వాటిలో "అనుకున్నట్లు జరగనిది" అనే ఒక శీర్షిక ఉండాలి. దానికి మార్కులుండాలి. ఫలితానికి ఇచ్చే మార్కులకన్న తక్కువ కాకూడదు. నా తోటి ఉపాధ్యాయులు కొందరు దీనికి ఒప్పుకోరు. "ప్రతివాడూ ప్రయోగం చెయ్యకుండా రాలేదని రాసేస్తాడు" అంటారు. ఆ భయం నిజమే. అందుకే నేను ఒక నిబంధన పెడతాను: రాలేదని రాసినవాడు, ఎందుకు రాలేదనుకుంటున్నాడో, తరువాత ఏం మార్చి చూస్తాడో కూడా రాయాలి. ప్రయోగం చెయ్యనివాడు ఆ రెండో వాక్యం రాయలేడు. రాసి చూడండి, మీకే తెలుస్తుంది. "మా బడిలో ఒకటే కటకం, అరవైమంది పిల్లలం" అని మీరనవచ్చు. తెలుసు. నేనూ అటువంటి బడుల్లోనే పనిచేశాను. అరవైమందీ ఒకే కొలత రాసే బదులు, పదిమంది కొలిచి, ఆ పది కొలతలనూ ఉన్నవి ఉన్నట్లు నల్లబల్ల మీద రాయండి. తేడాలు ఎందుకొచ్చాయని అరవైమందీ వాదించుకోవచ్చు. దానికి ఖర్చేమీ లేదు.

పాడైపోయినదాన్ని పాడైందని ఒప్పుకుంటే ఏమవుతుందో స్పిరిట్ రోవర్ చూపింది. 2006 మార్చిలో దాని ముందు కుడి చక్రం తిరగడం మానేసింది. అప్పటినుంచి బండిని వెనక్కి నడిపిస్తూ, పాడైన చక్రాన్ని ఈడ్చుకుంటూ పోయారు. కుంటి ఎద్దును తోలుకుపోయినట్టు! ఆ చక్రం నేలను గాడిలా గీసుకుంటూ వచ్చింది. ఆ గాడిలో 2007లో ఒక చోట తెల్లటి మన్ను బయటపడింది. వెనక్కి తిరిగిన కెమెరాలకు అది కనబడింది. పరీక్షించి చూస్తే అందులో నూటికి 90 పాళ్ళు సిలికా. వేడినీళ్ళో, ఆవిరో ఉన్నచోట్ల అటువంటి సిలికా పేరుకుంటుంది. కుజుడి మీద ఒకప్పుడు జీవులకు అనువైన చోట్లు ఉండి ఉండవచ్చునని చెప్పే ముఖ్యమైన ఆధారాల్లో అదొకటి. చక్రం బాగుంటే ఆ మన్ను పైకి వచ్చేది కాదు. ఐతే చక్రం పాడవడం మంచిదైందని నేననను. అట్లా అనేవాళ్ళ మాట నాకు నచ్చదు. పాడైన చక్రం ఎటు ఈడ్చుకుపోతోందో రోజూ చూసి రాసుకున్నవాళ్ళు ఉండబట్టి అది దొరికింది.

మరొక మాట. ఆపర్చునిటీ బండి 90 సోల్స్‌కని వెళ్ళి 14 ఏళ్ళు తిరిగింది. 45 కిలోమీటర్లకు పైగా నడిచింది. 2018 జూన్‌లో పెద్ద ధూళి తుఫాను కుజుణ్ణి కమ్మేసింది. సూర్యరశ్మితో బ్రతికే బండి అది. జూన్ 10 తరువాత మాట్లాడలేదు. 2019 ఫిబ్రవరి 13న ఇక ఆశ లేదని ప్రకటించారు. "నా బ్యాటరీ తగ్గిపోతోంది, చీకటి పడుతోంది" అని అది చివరి మాటగా చెప్పిందని ఫోన్లలో తిరిగింది. మీరూ చూసే ఉంటారు. చదివి నా కళ్ళూ చెమ్మగిల్లాయి. కాని బండి అట్లా అనలేదు. ఒక విలేఖరి దాని చివరి సమాచారాన్ని మనకు అర్థమయ్యేటట్లు తన మాటల్లో చెప్పాడు, అంతే. అది నిజంగా పంపినవి అంకెలు. ఆకాశపు మసక 10.8. ఆ రోజు దొరికిన శక్తి 22 వాట్-గంటలు. కొత్తలో దానికి రోజుకు 900 వాట్-గంటల దాకా దొరికేది. ఆ రెండు అంకెలూ తెలిసినవాడికి ఆ కల్పించిన వాక్యం కన్న ఎక్కువ దుఃఖమే కలుగుతుంది. ఆకాశం అంతగా మూసుకుపోయిన స్థితిలో కూడా అది తనకున్నది ఉన్నట్లు చెప్పింది.

కరోనా రోజుల సంగతి కూడా ఒకటి చెప్పి ముగిస్తాను. 2020 మార్చిలో అన్ని చోట్లా తాళాలు పడ్డాయి గదా. క్యూరియాసిటీ బృందం ఇళ్ళల్లో కూర్చుని బండికి ఆజ్ఞలు రాసింది. కుజుడి నేల ఎత్తుపల్లాలు చూడడానికి ఆఫీసులో వాళ్ళకు ఖరీదైన కళ్ళద్దాలూ, వాటికి తగిన కంప్యూటర్లూ ఉండేవి. ఇళ్ళల్లో అవి లేవు. అందుకని ఎర్ర, నీలి రంగు కాగితాల కళ్ళద్దాలు పెట్టుకుని చూశారు. తిరునాళ్ళలో త్రీ-డీ బొమ్మలు చూసేందుకు ఇచ్చే అటువంటివే! వాటితో చూసి ఒక రాయిని తొలిపించారు కూడా.

దీన్ని చదివి మా తొమ్మిదో తరగతి వాళ్ళు ఒక ఆట కనిపెట్టారు. ఒక పిల్ల కళ్ళకు గంతలు కట్టి బడి ఆవరణలో నిలబెడతారు. ఆమె రోవర్. నలుగురు తరగతి గదిలో తలుపులు మూసుకుని కూర్చుంటారు. వాళ్ళు భూమి. ఆవరణలో ఒకడు రోవర్‌కు కన్ను. తను చూసినదాన్ని కాగితం మీద గీసి ఇస్తాడు. ఇంకొకడు ఆ కాగితాన్ని పట్టుకుని పది నిమిషాలు వరండాలో ఊరికే నిలబడి, తరువాత గదిలో ఇస్తాడు. వాళ్ళు ఐదు ఆజ్ఞలు రాస్తారు. అదీ పది నిమిషాలు ఆగి చేరుతుంది. పంపు దగ్గరినుంచి జెండా కొయ్యను చేరాలి. మధ్యాహ్నం ఆటల పీరియడంతా ఆడారు. మీరూ ఆడి చూడండి, కన్నుగా నిలబడేవాణ్ణి మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి, పడిపోకుండా పట్టుకోవాల్సింది కూడా వాడే.

ఆ రోజు మా వాళ్ళ రికార్డులో చివరి పంక్తి ఇట్లా ఉంది: "మూడో ఆజ్ఞలో పన్నెండు అడుగులు వేయమన్నాము. తొమ్మిదో అడుగు దగ్గర వేపచెట్టు వేరు తగిలి ఆగింది. మా బొమ్మలో వేరు లేదు. జెండా కొయ్య చేరలేదు. రేపు మొదట బొమ్మను నేలకు దగ్గరగా గీయించాలి."